కోటుకి వచ్చిన ఉద్యోగం

అమీర్‌పేటలో ఒక వీధి మలుపు దగ్గర అనుభవాన్ని హ్యాంగర్లకి తగిలించి అద్దెకిస్తారు. నీలవేణి పొద్దున్నే హాస్టల్లో టిఫిన్ తిని నేరుగా అక్కడికే వెళుతుంది. పెళ్లికొడుకులకి సూట్లు అద్దెకిచ్చే షాపు ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. కాకపోతే ఇక్కడి కోట్ల లోపల ఎవరో పనిచేసిన ఏళ్లు మడత నలగకుండా పెట్టి ఉంటాయి.

నీలవేణికి ఇంజనీరింగ్ పట్టా ఉంది, అనుభవం లేదు. అనుభవం ఉంటేగాని ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం ఇస్తేగాని అనుభవం రాదు. పెళ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు అన్న మహానుభావుడెవరో ఏదో ఒక కంపెనీ గుమ్మం ముందు చెప్పులరిగేలా తిరిగే ఉంటాడు. ఆమె కూడా తిరిగింది. తిరిగి తిరిగి కాళ్ల నొప్పులు పోయాయి, కోపం మిగిలింది.

సొంతూరు ఇల్లెందుకి తిరిగి వెళ్లిపోదామా అంటే దారి లేదు. కాలేజీకి వచ్చిన కంపెనీ ఒకటి ఆమెని ఎంపిక చేసుకోగానే మేనమామ బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించాడు. 'సాఫ్ట్‌వేర్ ఉద్యోగం సాధించిన మా నీలవేణికి శుభాకాంక్షలు' అని రాయించాడు. అందులో ఆమె బొమ్మకన్నా మామ బొమ్మే పెద్దది. తర్వాత ఆ కంపెనీ మాట తప్పింది, ఫ్లెక్సీ మాత్రం తప్పలేదు. అందులోని నీలవేణి రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని ఫ్లెక్సీ దిగి ఆఫీసుకి పోతుంది, పొద్దుగూకాక వచ్చి మళ్లీ ఎక్కి నిలబడుతుంది. ఊరంతా చూసి మెచ్చుకుంటోంది. ఆ బొమ్మ కిందినుంచి ఖాళీ చేతులతో నడిచిపోవడం నీలవేణి వల్ల కాదు.

షాపు మొగులయ్య టేపు పెట్టి ఆమె భుజాలు కొలుస్తాడు.

"రెండేండ్లది సరిపోతది బిడ్డా. మూడేండ్లదైతే నీకు చేతులు లోపట్నే మునుగుతయ్."

"ఇది ఎవరిది?"

"సుదర్శనమని ఒక పిలగానిది. ఇడ్సిపెట్టి పోయిండు, మళ్ల రాలే."

"నేను చెయ్యని పని చేసిన అని చెప్పాల్నా?"

"నువ్వేం చెప్పకు, అదే చెప్తది. నువ్వు నోర్మూసుకొని కూసో, అంతే."

ఆ మాటకి ఆమెకి ఒళ్లు మండుతుంది. మండుతూనే తొడుక్కుంటుంది. తొడుక్కోగానే మెడ ఎడమవైపు పట్టేస్తుంది. ఎప్పుడూ తినని క్యాంటీన్ ఉప్మా చల్లగా నాలుక మీదికి వస్తుంది. ఎవరో నలుగురిలో నిలబెట్టి తిట్టిన తిట్లు చెవిలో గింగురుమంటాయి. కోటు ఆమె కాళ్లని నడిపించుకుంటూ ఒక అద్దాల భవనంలోకి తీసుకుపోతుంది.

ఇంటర్వ్యూ చేసే శ్రీకర్ ఆమె ముఖం చూడడు. కోటు గుండీల వైపు చూసి నమస్కారం పెడతాడు.

"పని ఒత్తిడి ఎక్కువైతే ఏం చేస్తారండీ?"

"ఆదివారం కూడా వస్తాను సార్. ఇంటికి వెళ్లకపోయినా ఫర్వాలేదు," అంటుంది కోటు మగగొంతుతో. కుడి చెయ్యి దానంతటది లేచి గుండె మీద ఆనుతుంది.

కోటుకి ఈ గది తెలుసు. బయట కిటికీ పక్కనున్న కుర్చీ తెలుసు, దాని విరిగిన చక్రం తెలుసు. నీలవేణికి అప్పుడు అర్థమవుతుంది.

"సార్, ఈ సుదర్శనం ఇక్కడనే పనిచేసిండు కదా?"

"అవునండీ, మేమే తీసేశాం. మనిషి మాకు పనికిరాలేదు. అనుభవం మాత్రం చాలా బాగుంది."

"మరి నన్ను తీసుకున్నట్టేనా?"

"కోటుని తీసుకున్నాం. మీరు పొద్దున తెచ్చి దింపండి, సాయంత్రం పట్టుకెళ్లండి. ఇస్త్రీ మాత్రం మీదే."

అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కోటు విప్పి అతని మొహాన కొట్టాలనిపిస్తుంది. కానీ ఫ్లెక్సీ గుర్తొస్తుంది, సరే అంటుంది. అన్నందుకు దారంతా తనని తనే తిట్టుకుంటుంది.

ఇక రోజూ పిల్లని బడిలో దింపినట్టు కోటుని గేటు దగ్గర దింపుతుంది. అది వెనక్కి తిరిగి చూడకుండా మెట్లెక్కి పోతుంది. ప్రహరీ గోడ నీడలో ఆమెలాంటివాళ్లు బోలెడంతమంది ఒళ్లో టిఫిన్ డబ్బాలు పెట్టుకుని కూర్చుని ఉంటారు. పైన వాళ్ల కోట్లు కేకులు కోసుకుంటాయి, ఒకదాని భుజం ఒకటి తట్టుకుంటాయి. ఈమె కోటుకి ఉత్తమ ఉద్యోగి బహుమతి కూడా వస్తుంది. ఫొటో తీసేటప్పుడు ఆమెని కొంచెం పక్కకి జరగమంటారు.

జరిగి, జరిగి, ఒకరోజు జరగదు. శ్రీకర్ ముందుకెళ్లి నిలబడుతుంది.

"ఎండకీ వానకీ దీన్ని మోసుకొచ్చి దింపిన. ఇది అనుభవం కాదా?"

"ఎందుకు కాదండీ, అనుభవమే," అంటాడు అతను మర్యాదగా. "అయితే అదీ కోటు అనుభవం కిందికే వస్తుంది."

నీలవేణి గిర్రున వెనక్కి తిరుగుతుంది. బయటికి వచ్చి తలెత్తి చూస్తుంది. ఇన్నాళ్లూ తలుపుల వైపే చూడడం వల్ల గమనించలేదు గాని, ఆ భవనానికి పై అంతస్తులో కాలర్ ఉంది. భవనమే ఒక కోటులా ఆకాశంలో హ్యాంగర్‌కి వేలాడుతోంది. నేలకి ఆనినట్టు నటిస్తోంది, అంతే. ఆమె చెయ్యి చాపుతుంది, చెయ్యి అక్కడిదాకా పోతుంది. కాలర్ పట్టుకుని గుంజుతుంది.

"నా దినాలు నాకియ్యవే, దొంగముండా!"

ఆ కేకకి అద్దాలు గలగలమంటాయి. రెండు మూడు కుదుపులు కుదిపేసరికి కిటికీల్లోంచి కోట్లు రాలిపడతాయి. ఒక్కదాంట్లోనూ మనిషి లేడు. గోడ కిందివాళ్లు టిఫిన్ డబ్బాలు పక్కన పెట్టి లేచి నిలబడతారు. భవనం హ్యాంగర్ మీంచి ఊడి ఆమె చేతుల్లోకి వస్తుంది.

ఆమె దాన్ని దులిపి ఒక చెయ్యి లిఫ్టు దారిలోంచి, ఇంకో చెయ్యి మెట్లదారిలోంచి దూరుస్తుంది. భుజాల దగ్గర బిగుతుగా ఉంది. అయినా ఒక్కో అంతస్తూ దగ్గరికి లాగి గుండీలు పెట్టుకుంటుంది. పై జేబులోంచి శ్రీకర్ తల బయటికి వస్తుంది. అతను మొదటిసారి ఆమె ముఖం చూస్తున్నాడు.

"మేడమ్, మేడమ్! ఎక్కడికండీ?"

"నా పేరేంది?"

"పేరంటే... కాలర్ వెనకాల రాసుంటుంది కదండీ..."

నీలవేణి అతన్ని రెండు వేళ్లతో మళ్లీ జేబులోకి నొక్కి, రోడ్డు మీదికి అడుగేస్తుంది. మెట్రో రైలు ఆమె మోచేతి కిందినుంచి తలొంచుకుని పోతుంది. ఎదురుగా ఉన్న భవనం ఆమె రావడం చూసి, గబగబా పైనుంచి కింది దాకా తన గుండీలు పెట్టుకుంటోంది.