సందులు విడిచిన తీగచుట్ట

తెగిన పోగు అతికించి, సాంచాను, ఆ మరమగ్గాన్ని, మళ్లీ నడిపించి, దేవదాస్ గోడ గడియారం వైపు చూశాడు. పన్నెండున్నర. ఇంకో అరగంటలో కరెంటు పోతుంది. సిరిసిల్ల అంతా కరెంటాఫీసును తిట్టిపోసే ఆ వేళ కోసమే అతను పొద్దుటి నుంచి కాచుక్కూచున్నాడు. ఊళ్లో సాంచాల మోటార్లు తిరుగుతున్నంతసేపూ అతని ఇంట్లో రేడియో గరగరమనడమే గాని పలకదు.

నలభై ఆరేళ్ల మనిషి. వంగిన వీపు, కనుబొమల మీద నూలు దుమ్ము. సొంత రేడియోలో కబుర్లు పంపుకునేందుకు సర్కారిచ్చిన అతని హామ్ రేడియో లైసెన్సు అద్దం కట్టించుకుని గుమ్మం పక్కన వేలాడుతుంటుంది. ఏడేళ్ల కింద, డాబా మీది ఏరియల్ తీగ చూసి, అడవిలోని నక్సలైటు అన్నలకు కబుర్లు పంపుతున్నాడని పోలీసులు ఠాణాకు పట్టుకుపోయారు. కోరుట్ల నుంచి జలపతి సారు కాగితాలు తెచ్చి విడిపించాడు. తంతి ఆఫీసులో రిటైరైన ఆయనే ఇతనికి టకటక చప్పుళ్లతో అక్షరాలు పంపే మోర్స్ నేర్పిన గురువు. ఆ రోజు బస్టాండు దాకా పక్కనే నడిచినా దేవదాస్‌కు కృతజ్ఞతగా ఒక్క మాట నోట రాలేదు. అతనికి మాటలన్నీ వేళ్లలోనే.

ఇప్పుడు సారుకు చెవులు మందగించాయి. ఇతని తీగేమో కురచది. అరవై ఆరడుగులు కావాల్సిన చోట డాబా సగమే ఇచ్చింది. ఆ లోటు పూడ్చడానికి రెండు వైపులా తీగచుట్టలు పెట్టాడు. సన్నతీగను నూలు కండె చుట్టినట్టు సందు లేకుండా చుట్టాడు. సందు పడితే నేతవాడి చేతికి నామోషీ కదా! ఆ చుట్టలు వేడెక్కి, పంపిన బలమంతా అవే మింగేశాయి. మూడు నెలలుగా సారు నుంచి ఒకటే జవాబు: మళ్లీ చెప్పు.

ఈసారి లావు రాగితీగ తెచ్చాడు. ప్లాస్టిక్ గొట్టం మీద తీగనూ నూలుతాడునూ కలిపి చుట్టి, తర్వాత తాడు లాగేశాడు. చుట్ట వేడెక్కకుండా వరసల నడుమ సందులు మిగిలాయి. కొత్త పిల్లవాడు చుట్టిన కండెలా ఉంది. రాత్రి దాన్ని డాబా మీద కట్టేటప్పుడు, ఎవరైనా చూస్తారేమోనని అతనికి సిగ్గేసింది కూడా.

కరెంటు పోయింది. దేవదాస్ పరుగున ఇంటికొచ్చాడు.

"ఊరంత మొత్తుకుంటుంటే నీకొక్కనికే పండుగ," అంది భార్య సరోజన, అన్నం గిన్నె దించుతూ.

"జెర ఆగవే. సారుకు ఒక్క మాట చెప్పాలె."

బ్యాటరీ తగిలించి కీ మీద వేళ్లుంచి మోర్స్‌లో కొట్టాడు: "ఠాణాల నుంచి ఇడిపిచ్చిండ్రు. ఏడేండ్లాయె, ఎన్నడు చెప్పలే. దండాలు సార్."

ఆగి విన్నాడు. మళ్లీ చెప్పు అన్న మాట కూడా రాలేదు. కరెంటొచ్చింది, ఊరంతా ఒక్కసారే మోగింది. ఇదీ వట్టిదే అయిందనుకుని తిరిగి సాంచాల దగ్గరికి నడిచాడు.

సాయంత్రం సాంచాల యజమాని ఫోనుకు సారు బిడ్డ జమున చేసింది.

"బాపు పోయిండు అన్నా. పగటీలి ఒంటిగంట దాటినంక రేడియో ముంగట కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు."

మర్నాడు కోరుట్లలో దహనమై అందరూ వెళ్లాక జమున అతన్ని రేడియో బల్ల దగ్గరికి తీసుకెళ్లింది. సారు రాసుకునే నోటుపుస్తకం తెరిచే ఉంది. మూడు నెలల పేజీల నిండా వినబడని అక్షరాల చోట వదిలేసిన ఖాళీలు. చివరి లైను మాత్రం దండాలు సార్ దాకా ఒక్క అక్షరం పోకుండా ఉంది. దాని పక్కన, మూత తీసిన పెన్ను.