మూడు చుట్లు

నాంచారయ్య పెద్ద వాల్వును పదకొండో చుట్టు తిప్పి ఆగాడు. భవానీపురం కొండవాలు ఇళ్ళకు నీళ్ళు ఎక్కడం మొదలైంది. ఛాతీ దాకా వచ్చే ఇనప కీ, దాని పిడికి చుట్టిన పాత తువ్వాలు, అరిచేతుల్లో గట్టిపడిన కాయలు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అతని పొద్దు ఇలాగే మొదలవుతోంది.

వాల్వు మెడ దగ్గర నీళ్ళు కారుతున్నాయి. ఏళ్ళ తరబడి కారి కారి పక్కన గుంట కట్టింది. అందులో బొటనవేలంత కప్పలున్నాయి. అంతరించిపోతున్న జాతి అని కాలేజీవాళ్ళు మొన్ననే బోర్డు పాతారు. తోకకప్పలకు కాళ్ళు రావాలంటే ఇంకో మూడు వారాలు గుంట ఎండకూడదన్నారు.

ఏడింటికి ఏఈ లక్ష్మీకాంత్ బండి దిగాడు.

"పైన నలభై ఇళ్ళకు బిందె నిండట్లేదు నాంచారయ్యా. ఇవాళ లీకు ఆగాల్సిందే."

"ఆపేద్దామండి. లైను కడిగితే వచ్చే మట్టినీళ్ళు డ్రైన్లోకే పోతన్నాయి గదండీ. అవి గుంటకు మళ్ళించుకుంటా."

"కాయితం మీద రాసిమ్మంటే నావల్ల కాదు."

"కాయితం ఎందుకండీ. చేతిలో పనే గదా."

వాల్వు మెడలో గ్రీజు తాడు కూరి బిగించాడు. లీకు ఆగింది. తర్వాత పార పట్టి, లైను కడిగే చిన్న వాల్వు నుంచి గుంట దాకా కాలవ తీశాడు. మధ్యలో రెండుసార్లు ఎడమ భుజం పట్టుకుని నిలబడ్డాడు.

పై వీధి సంపూర్ణమ్మ టీ తెచ్చింది.

"కప్పలు జలకాలాడగా మిగిల్తే మాక్కూడా పంపు బాబాయ్."

"రేపు చూడమ్మాయ్, నీ బిందె ఇట్టే నిండుద్ది. ముందు ఈ చిన్న వాల్వు మూడు చుట్లు తిప్పుతా. నీళ్ళు తేటపడంగానే కట్టేస్తా."

"నాలుగు తిప్పితేనో?"

"పైకి నీళ్ళెక్కవు, నీ బిందె నా నెత్తిన పడుద్ది."

ఆమె నవ్వుకుంటూ వెళ్ళింది. గ్లాసు కోసం తిరిగి వచ్చేసరికి అతను గోడకు ఆనుకుని గుంటవైపు చూస్తున్నట్టు కూర్చుని ఉన్నాడు. టీ మీద మీగడ కట్టింది. పిలిస్తే పలకలేదు.

మర్నాడు అతని బదులు వచ్చిన మనిషి తన కీతో పెద్ద వాల్వు తిప్పి వెళ్ళిపోయాడు. చిన్న వాల్వు సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. సంపూర్ణమ్మ కుళాయిలో మట్టినీళ్ళు పడ్డాయి. బిందె అక్కడే వదిలి ఆమె కిందికి దిగింది. గుంట అప్పటికే బెత్తెడు తగ్గింది.

నాంచారయ్య కీ గోడకే ఆనించి ఉంది. రెండు చేతులా ఎత్తి చిన్న వాల్వుకు తగిలించింది. ఒకటి. రెండు. మూడు. మట్టినీళ్ళు కొత్త కాలవ పట్టుకుని గుంటలోకి దిగాయి. నాలుగో చుట్టు తిప్పలేదు.

తేటపడ్డాక కట్టేసి, కీని ఉన్నచోటే ఆనించింది. పిడికి చుట్టిన తువ్వాలు రెండు పిడికిళ్ళ మేర నల్లబడి, లోపలికి నొక్కుకుపోయి ఉంది.