మూడో మేజోడు

ఫ్రాన్స్‌లో కాహోర్ ఊరి దగ్గర రూఫ్యాక్ వాళ్ళ వైన్ నేలమాళిగ తాళంచెవి చేతికి రావాలంటే ఒకటే దారి. ద్రాక్షకోతలు ముగిసిన ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద మూడు సీసాలు పెడతారు. పేర్లు కనబడకుండా వాటికి ఆ ఇంటి పెద్దల పాత ఉన్ని మేజోళ్ళు తొడుగుతారు. రుచి చూసి ఏ ఏటిదో చెప్పాలి. ఐదు తరాలుగా ఇదే పద్ధతి. మేజోళ్ళు ఉతికినవే, కంగారు పడకండి.

ఈసారి పోటీ మేలిస్‌కీ, ఆమె బాబాయ్ ఫుల్‌క్రాన్‌కీ. మేలిస్ పన్నెండేళ్ళుగా ఆ మాళిగలోనే పడి ఉంటుంది. ఫుల్‌క్రాన్ ఉండేది తులూజ్‌లో, పండగలకు వచ్చి సలహాలిచ్చి పోతాడు. తాళంచెవి దక్కితే పాత పీపాలన్నీ కోసి పూలకుండీలు చేస్తానని ముందే చాటాడు. ఆ మాట విన్నప్పటి నుంచి మేలిస్‌కు తిండి సహించడం లేదు.

మొదటి రెండు సీసాలూ ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. ఎనభై ఆరేళ్ళ నానమ్మ హోర్తాన్స్ మూడోది వంచింది.

ఫుల్‌క్రాన్ ఒక గుక్క తాగి కళ్ళు అరమోడ్చాడు. "ఆహా! తొంభై ఎనిమిది. మన పడమటి తోటది. ఇది వైన్ కాదమ్మా, మన వంశం! నాన్న మొండితనమే గొంతు దిగుతోంది."

బంధువులంతా తలలూపారు. ఒక అత్తయ్య కళ్ళు కూడా ఒత్తుకుంది.

నాలుక మీద పడగానే మేలిస్‌కు తెలిసిపోయింది. ఇది వాళ్ళది కానే కాదు, గోడ అవతల కస్తాన్యే వాళ్ళది! ఎప్పుడో సరిహద్దు రాయిని రెండు ద్రాక్ష వరసలు ఇవతలికి జరిపారని మూడు తరాలుగా రూఫ్యాక్‌లు వాళ్ళ వైన్ ముట్టరు. మేలిస్ మాత్రం మే నెల నుంచీ వాళ్ళబ్బాయి రెమి పక్కన కూర్చుని ఎన్ని గ్లాసులు తాగిందో లెక్కలేదు. చెప్తే గుట్టు రట్టవుతుంది. చెప్పకపోతే పీపాల్లో బంతిపూలు పూస్తాయి.

"ఏమ్మా, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయా?" అన్నాడు బాబాయ్.

మేలిస్ గ్లాసు దించింది. "ఏ ఏటిదో తెలీదు బాబాయ్. కానీ నువ్విందాక పొగిడావే, ఆ వంశం కస్తాన్యే వాళ్ళది."

నానమ్మ తాపీగా మేజోడు ఊడదీసింది. సీసా మీద కస్తాన్యే పేరు ఇంతలావు అక్షరాలతో ఉంది.

ఫుల్‌క్రాన్ ముఖం కందగడ్డయింది. "దీనికెలా తెలిసిందమ్మా? వాళ్ళింట్లో తాగే ఉంటుంది! అడుగు!"

"అడుగుతా. అప్పుడు ఈ సీసా నాకెలా వచ్చిందని అది అడుగుతుంది," అంది నానమ్మ. "మనదేదో, కానిదేదో తెలిసినవాళ్ళకే మాళిగ. నువ్వు బాతు తినరా, చల్లారిపోతోంది."

తాళంచెవి మేలిస్ ఒళ్ళో పడేసి, రొట్టె అందుకునే వంకతో ఆమె చెవి దగ్గరకు వంగింది.

"గురువారం మాత్రం అటు రాకే. రెమి వాళ్ళ తాత దగ్గరికి నేను పోయే రోజది."