రెండో గొంతు

ఇందుజకు అమెరికా కంట్రీ పాటల పిచ్చి అంటించింది వాళ్ల నాన్న కొన్న శాటిలైట్ రేడియో. ఆయన బ్యాంకు ఆఫీసరు. ఆ పిచ్చిని ఆమె సంధ్యారాణికి అంటించింది. సంధ్య, తెలంగాణ నుంచి సూరత్‌కు వలసొచ్చి నవాగామ్ బస్తీలో ఉండే కనకయ్య కూతురు. కనకయ్య మరమగ్గాల మీద పనిచేసేవాడు. సూరత్‌లో ఒకే కాలేజీలో చదువుతున్న ఆ ఇద్దరూ మాటలు సగం అర్థమైనా కాకున్నా, పాటలు మాత్రం కలిసి నేర్చుకున్నారు. ఇందుజ ముందు గొంతు, సంధ్య దాని కింద నడిచే రెండో గొంతు.

2003 మార్చిలో, వాళ్లు పాడుకునే ముగ్గురు ఆడవాళ్ల అమెరికా బృందం డిక్సీ చిక్స్ గాయని లండన్ వేదిక మీద, ఇరాక్ యుద్ధానికి దిగుతున్న తమ అధ్యక్షుడిది తమ రాష్ట్రమే అయినందుకు సిగ్గుపడుతున్నామంది. అమెరికా రేడియోలు ఆ ముగ్గురి పాటల్నీ ఆపేశాయి. జనం వాళ్ల సీడీలను ట్రాక్టరుతో తొక్కించారు.

"ఎంత ధైర్యమే ఆమెకు! గంతమంది ముందల!" అంది సంధ్య. ఆ వారమంతా అదే మాట.

కాలేజీ వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా సూరత్ పక్కన కడోదరాలో ఉన్న బట్టల మిల్లు యజమాని వచ్చాడు. మొదటి పాటకు చప్పట్లు మోగాయి. రెండోది మొదలుపెట్టకముందే సంధ్య మైకు దగ్గరకు జరిగింది. ఈయన మిల్లులోనే మా నాన్న చేతివేళ్లు తెగిపోయాయని, ఆస్పత్రికి కూడా పంపలేదని, ఈయన ముందు పాడుతున్నందుకు సిగ్గుగా ఉందని హిందీలో చెప్పింది. ఎవరో మైకు ఆపేశారు.

తెర వెనక ఒక సార్ ఇందుజను పక్కకు లాగాడు. "ఆమె మాటలతో నీకు సంబంధం లేదని చెప్పి పాడు. లేదంటే ఇద్దరూ కాలేజీ బయటికే."

ఇందుజ వెళ్లి, సంబంధం లేదని చెప్పింది. ఒంటరిగా పాడింది. పాట సగంలో రెండో గొంతు రావాల్సిన చోటు ఖాళీగానే పోయింది. సంధ్య తెర పక్కనే నిలబడి చివరిదాకా విని, వెళ్లిపోయింది. మళ్లీ కాలేజీకి రాలేదు. ఇందుజ వెళ్లి కలవాలని ప్రతి పండక్కీ అనుకుంది, వెళ్లలేదు.

2007 ఫిబ్రవరిలో, తానూ బ్యాంకులో చేరాక, పేపర్లో ఫొటో చూసింది. డిక్సీ చిక్స్ ముగ్గురికీ ఐదు గ్రామీ అవార్డులు. అప్పుడు ఆ మాట అన్నది ఒక్కతే. ఇన్నేళ్లూ మిగతా ఇద్దరూ ఆమె పక్కనుంచి కదల్లేదు. ఆ సాయంత్రమే ఇందుజ నవాగామ్ వెళ్లింది.

సంధ్య నేలమీద చీర పరిచి, కూలికి మెరుపు రాళ్లు అతికిస్తోంది.

"గట్ల గుమ్మంల నిలబడ్డవేంది? లోపలికి రా."

ఇందుజ కూర్చుంది. "సంధ్యా, ఆ రోజు నేను భయపడి పాడాను. తప్పు చేశాను."

"పాడుడు తప్పు గాదు." సంధ్య తలెత్తలేదు. "సంబంధం లేదన్నవ్ సూడు, గది. బాపు చెయ్యికి కట్టు గట్టిననాడు నువ్వు మా ఇంట్లనే ఉన్నవ్ గదనే. బాపుకు అన్నం గూడ నువ్వే కలిపి తినిపించినవ్."

అది ఇందుజ మరిచిపోయింది. అలాంటిదాన్ని ఎలా మరిచిపోగలిగిందో ఆమెకే అర్థం కాలేదు.

"ఒక్కసారి కలిసి పాడదామా?"

"వద్దు. జర ఆ కొంగు పట్టుకో, ముడత పడతది."

ఇందుజ పట్టుకుంది. సంధ్య ఒక్కో రాయీ అతికిస్తూ పోయింది. బయటి నుంచి కనకయ్య వచ్చాడు. ఆమెను గుర్తుపట్టి ముఖమంతా విప్పార్చుకున్నాడు.

"ఇందూ బిడ్డనా! ఎన్ని దినాలకొచ్చినవ్! ఆనాడు కాలేజీల మస్తు పాడినవట గద. మా సంధ్య ఇంటికొచ్చి చెప్పింది."

ఇందుజ సంధ్య వైపు చూసింది. సంధ్య జిగురు సీసా మూత తిప్పుతోంది.

"లేదు బాబాయ్," అంది ఇందుజ, కొంగు వదలకుండా. "బాగా పాడలేదు. ఆ రోజు ఏం చేశానో మీకు చెప్పాలి. కూర్చోండి."