కాంతం కంటే ముందే

తనకు కిడ్నీ జబ్బుందని కాంతానికి చెప్పింది డాక్టరు కాదు, ఫ్యాక్టరీ వాచ్‌మన్ సన్యాసి.

కాంతంది మందస దగ్గర ఉద్దానం పల్లె. కాశీబుగ్గలో తిరుమలరావు జీడి ఫ్యాక్టరీలో పప్పుకు పొట్టు తీసే పని. నడుం పట్టేస్తోందని ముందురోజు సాయంత్రం బజార్లో గోపాలరావు ల్యాబులో రక్తం ఇచ్చింది. రిపోర్టు మర్నాడు తీసుకోమన్నారు. పొద్దున్నే పనికి వెళితే సన్యాసి గేటు తియ్యలేదు.

"నీకు కిడ్నీలు పాడయిపోనాయంట గదా అప్పా. ఇంక రావద్దని సెప్పమన్నారు" అన్నాడు, తల పక్కకు తిప్పుకుని.

కాంతం తిన్నగా ల్యాబుకి వచ్చింది. రక్తం తీసిన ఉమామహేశ్వరి అప్పుడే తలుపులు తెరిచి నేల తుడిపిస్తోంది.

"నా రిపోర్టు ఎవులికిచ్చినావమ్మా?"

"ఎవులికీ ఇవ్వనేదు కాంతమ్మా. ఇంకా కాగితమ్మీద తియ్యనేదు కూడా."

"మరి సన్యాసికెలగ తెలిసినాది? నా ఒంట్లో సంగతి నాకు తెలకుండా గేటుకాడ తెలిసిపోనాదేటి?"

ఉమ కంప్యూటరు తెరిచి చూసింది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువే ఉంది. ఆ మాట దాచలేదు. ఆస్పత్రిలో మళ్లీ పరీక్ష చేయించుకోవాలనీ, మందులకు లొంగే దశ కావచ్చనీ చెప్పి బల్ల మీద కూర్చోబెట్టింది.

ఈ మధ్యే గోపాలరావు పాత పద్ధతి తీసేసి హైదరాబాదు కంపెనీ ఒకదాని క్లౌడ్‌లో చేరాడు. మిషన్ చెప్పిన ప్రతి అంకె ఇప్పుడు ల్యాబులో కాక ఆ కంపెనీ కంప్యూటర్లలో ఉంటుంది. పాస్‌వర్డ్ ఉన్నవాళ్లు ఎక్కడ కూర్చుని అయినా చూడొచ్చు. ఆ పాస్‌వర్డ్ తనకూ యజమానికీ తప్ప ఇంకెవరికీ లేదనుకుంది ఉమ.

గోపాలరావు ఇడ్లీ పొట్లంతో వచ్చాడు. అడగ్గానే ఒప్పుకున్నాడు. తప్పు చేసినట్టే లేదు మొహంలో.

"మా బావ తిరుమలరావు కూడా అదే కంపెనీలో చేరినాడమ్మా. పనోళ్ల ఫోన్ నంబర్లు ఎక్కించినాడు. ఆళ్లలో ఎవరి రిపోర్టు తేడాగా వచ్చినా ఆడి ఫోనుకి మెసేజ్ ఎల్తాది. దానికి నానే ఒప్పుకున్నాను."

"ఫ్యాక్టరీ పంపితే వచ్చిందా సార్ ఆవిడ? సొంత డబ్బులిచ్చి చేయించుకుంది."

"ఓటీపీ సెప్పింది గదా. అదే ఒప్పుదల."

నిన్న రక్తం ఇచ్చేటప్పుడు ఫోనుకొచ్చిన ఆ ఓటీపీ ఎందుకో కాంతానికి తెలియదు. రిపోర్టు కోసమని చెబితే చెప్పింది. గోపాలరావు వేళ్లకంటిన చట్నీ నాకుతూ, "పనిలో పడిపోతే బావదే గదా బాధ్యత. ముందే వదిలించుకున్నాడు" అన్నాడు. ఉమకు రోజూ ఈ చేతుల్లోంచేనా జీతం తీసుకుంటున్నాను అనిపించింది.

అక్కడే నిలబడి కంపెనీకి ఫోన్ చేసింది. సాహిత్య అనే అమ్మాయి తేనె పూసిన గొంతుతో మాట్లాడింది.

"రిపోర్ట్ తొలగించడం కుదరదు మేడమ్. యాక్సెస్ మీ ఓనర్ గారే ఇచ్చారు. మీ ఏరియాలో కిడ్నీ కేసులు ఎక్కువ కదా, ఇన్సూరెన్స్ వాళ్ల కోసం మంచి ప్యాకేజీ ఉంది, వివరాలు పంపమంటారా?"

ఉమ ఫోన్ పెట్టేసింది. ఏదో కుళ్లినదాన్ని చెవికి ఆనించుకున్నట్టు అరచేత్తో చెవి తుడుచుకుంది.

బల్ల మీంచి కాంతం లేచింది. ఫోన్లోంచి బయటికి వినిపించిన మాటలతో సహా అంతా వింది.

"నా రగతం. నాకంటే ముందు ఆళ్లు సూసినారు. ఇంకెవులికో అమ్ముతారంట." గుమ్మంలో తుపుక్కున ఉమ్మింది.

"ఏయ్! ల్యాబులో ఉమ్ముతావేటి? శుభ్రం అక్కర్లేదా?" గోపాలరావు గయ్యిమన్నాడు.

ఉమ కోటు విప్పి కుర్చీ మీద పడేసింది. రిపోర్టు కాగితం మీద తీసి కాంతం చేతికిచ్చి, ఆమెతోపాటే ఆటో ఎక్కింది. సర్కారు ఆస్పత్రిలో మళ్లీ పరీక్ష చేశారు. జబ్బు మొదట్లోనే ఉందన్నారు. మందులు రాసి, తేలిక పనులు చేసుకోవచ్చన్నారు.

ఆ మాట పట్టుకుని కాంతం ఇంకో ఫ్యాక్టరీకి వెళ్లింది. అక్కడి గుమాస్తా ఫోన్ నంబరు అడిగి కొట్టి, తెర మీద అదే హైదరాబాదు కంపెనీ చూపించింది చూసి, ఖాళీల్లేవన్నాడు. వెనక నిలబడ్డ అమ్మాయిని అప్పటికప్పుడే లోపలికి పంపాడు.

ఆ సాయంత్రం తిరుమలరావు ఫ్యాక్టరీ వదిలే వేళకి ఉమ, కాంతం రోడ్డు మీద నిలబడి, బయటికొచ్చిన ఆడవాళ్లకు జరిగింది చెప్పారు. కొందరు తిరుమలరావుని తిట్టారు. కొందరు గేటు వైపు చూసుకుంటూ వినకుండానే వెళ్లిపోయారు. భాగ్యలక్ష్మి అనే ఆమె మాత్రం ఆగింది.

"నాకూ నడుం నొప్పేనమ్మా. రేపు రగతం ఇద్దామనుకున్నాను." గొంతు తగ్గించింది. "ఇంక ఇవ్వను. తెలకుండానే ఉంటాను."

ఉమ తనతో ఆస్పత్రికి రమ్మంది. భాగ్యలక్ష్మి తల అడ్డంగా ఊపి, నడుం మీద చెయ్యి వేసుకుని బస్సు కోసం వెళ్లిపోయింది.