నాలుగు అరుగులు

శ్రీరామమూర్తికి కోపమొస్తే పెన్సిలు చెక్కుతాడు. 1998 వేసవిలో ఒక్క పొద్దుటిపూట పెన్సిలు సగానికి సగం చెక్కేశాడంటే దానికి కారణం ఆగమ్మ.

మూర్తిది రాజమండ్రి. హైదరాబాద్‌లో రోడ్ల నక్షాలు గీసే ఉద్యోగం. ఐదేళ్లుగా మాదన్నపేటలో ఆగమ్మ ఇంటి పైగదిలో అద్దెకుంటున్నాడు. జ్వరం వచ్చినప్పుడు జొన్న గటక కాచి, మొత్తం తాగేదాకా ఎదురుగా కూర్చున్న మనిషి ఆమె. తల్లి లేని మూర్తికి ఆ ముసలామె అంటే ప్రాణం. ఆ మాట పైకి చెప్పడం మాత్రం అతనికి చేతకాదు.

ఆగమ్మకు షుగరు, మోకాళ్ల నొప్పులు. రోజూ నడవకపోతే మంచం పడతావని డాక్టరు తేల్చి చెప్పాడు. అందుకే పొద్దున్నే కూరగాయల మార్కెట్ దాకా నడుస్తుంది. ఆ సందులో ఆటోలు మనుషుల్ని రాసుకుంటూ పోతాయి. ఒకరోజు ఒక ఆటో ఆమె చేతిసంచిని లాక్కుపోయింది. టమాటాలన్నీ నేలపాలు. మర్నాడు ఆఫీసుకు పోగానే మూర్తి నక్షా ముందేసుకున్నాడు. సందు పొడవునా తిన్నగా ఫుట్‌పాత్ గీశాడు. అడ్డొచ్చిన నాలుగు ఇళ్ల అరుగులకు ఎర్ర గీత పెట్టాడు. పై అధికారిని బతిమాలి సంతకం చేయించాడు.

కూలీలు వచ్చి ముందుగా సోమయ్య ఇంటి అరుగు తీసేశారు. మూర్తి సంబరంగా ఆ సంగతి చెబితే, "మంచిగనే ఉంది సారూ" అని ఆగమ్మ లోపలికి పోయింది. ఇంత చేస్తే అంతేనా? పెన్సిలు అరిగింది అప్పుడే.

మర్నాడు ఆదివారం. ఆగమ్మ అతని చేతికి సంచి ఇచ్చింది. "నాతోని మార్కెట్‌కు రాండ్రి సారూ."

ఎర్ర గీత పడిన సుగుణమ్మ ఇంటి అరుగు మీద ఆగమ్మ కాసేపు కూర్చుంది. లేచి నాలుగిళ్లు దాటి గుండయ్య అరుగు మీద కూర్చుంది. దానికీ ఎర్ర గీతే. మూర్తి గడియారం చూసుకున్నాడు. టేపు పట్టుకుని ఈ సందును మూడుసార్లు కొలిచాడు గానీ, ఒక్కసారైనా ఆమెతో కలిసి నడిచాడా?

తర్వాత రావలసింది సోమయ్య అరుగు. అక్కడ మట్టి, రాళ్లు తప్ప ఏమీ లేవు. ఆగమ్మ గోడ పట్టుకుని నిలబడిపోయింది. మొహమంతా చెమట, కాళ్లలో వణుకు. ఆమెను ఎక్కడ కూర్చోబెట్టాలో మూర్తికి తోచలేదు. చంక కింద చెయ్యివేసి నిలబెట్టాడు.

"ఇంటికి పోదాం. రేపటి సంది నేను రాను" అంది ఆగమ్మ.

రేపటి నుంచి రాకపోతే ఏమవుతుందో డాక్టరు ముందే చెప్పాడు. మూర్తి ఆమె వైపు తిరిగాడు.

"ముందే చెప్పొచ్చు కదండీ!"

"నా కోసమే గీసినవని ఎర్కే గద బిడ్డా. నీ మనసు ఎట్ల నొప్పియ్యాలె?"

ఐదేళ్లలో ఎన్నడూ సారూ అనడమే తప్ప బిడ్డా అనలేదు. మూర్తికి కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గు కూడా వేసింది.

సోమవారం పై అధికారి ముందు నిలబడ్డాడు. "కూర్చునే చోటు లేకపోతే పెద్దవాళ్లు నడవరండి. తీసేసిన చోట బండ వేద్దాం. మిగిలిన మూడు అరుగులూ ఉంచేద్దాం. అక్కడ ఫుట్‌పాత్ కాస్త వంపు తిరుగుతుంది, అంతే." అధికారి విసుక్కున్నాడు. మూర్తి కదల్లేదు. చివరికి ఒప్పించుకుని వచ్చాడు.

సోమయ్య ఇంటి ముందు కొత్త బండ పడింది. ఆగమ్మ దాని మీద కూర్చుని కాళ్లు ఊపింది. పాదాలు నేలకు ఆనలేదు.

"గిది నీ కాళ్లకు చేసినవ్ బిడ్డా" అని పకపకా నవ్వింది.

మూర్తి సందు మధ్యలోనే గొంతుక్కూర్చున్నాడు. ఆమె మడమ దగ్గర టేపు పెట్టి మోకాలి మడత దాకా లాగాడు. పదిహేను అంగుళాలు. వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నా లేవలేదు.

బండ ఎత్తు మార్చిన నక్షా మళ్లీ సంతకానికి వెళ్లింది.

"పదిహేను అంగుళాలేమిటి? ఇది ఏ రూల్ బుక్కులోదయ్యా?" అన్నాడు అధికారి.

"మా ఇంట్లోదండి" అన్నాడు శ్రీరామమూర్తి.