మగ మొక్కలు లేని గది

నార చీల్చే ఆడవాళ్లను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? కింది పెదవి మీద సన్నని గీతలుంటాయి. నారను గోటితో చీల్చి, కొసను పంటితో పట్టి లాగుతారు. ఏళ్ల తరబడి అలా లాగితే పెదవి కోసుకుపోతుంది. కుడి మోకాలి మీద చర్మం నున్నగా, తోలులా గట్టిపడి ఉంటుంది. ఒక కొసకు ఇంకో కొస చేర్చి, ఆ మోకాలి మీదే అరచేత్తో దొర్లించి పేనాలి. మా లోయలో అరవై దాటిన ఏ ఆడమనిషిని చూసినా ఈ రెండు గుర్తులూ కనిపిస్తాయి.

ఆ నారతో నేసిన గుడ్డనే పోయినవాళ్లకు కడపటి బట్టగా తొడుగుతాం. ఆ నారనిచ్చేది, పేరు వింటేనే మీరు ఉలిక్కిపడే మొక్క. గంజాయి. మాకు మాత్రం మిరప ఎలాగో అదీ అలాగే. ఏటా జులై మొదట్లో, పువ్వు రాకముందే, విత్తనానికి వదిలినవి తప్ప అన్నీ కోసేస్తాం. పండించే ప్రతి ఇంటికీ జిల్లా ఆఫీసు ఇచ్చిన పర్మిట్ ఉంటుంది. మా ఊళ్లో అలాంటి ఇళ్లు పదకొండు.

అక్టోబరు నెలాఖరు. చూరుకు కట్టిన పండ్లు ఎండుతున్న రోజులు. ఊరి హాల్లో, కింద నుంచి సెగ పెట్టిన వెచ్చని నేల మీద అయిదుగురు ఆడవాళ్లు కూర్చుని నార పేనుతున్నారు.

“ఏమే గిసొక్ అమ్మా, నీ కొడుకు పట్నం నుంచి వచ్చి రెండేళ్లయింది. మొహం చూద్దామంటే దొరకడు. ఆ పట్టుపురుగుల గదిలో కూర్చుని ఏం పొదుగుతున్నాడే?” అంది కుమ్నే. ఆమెకు డెబ్భై నాలుగు. మిగిలినవి నాలుగు పళ్లు. ఆ నాలుగూ నార కోసమే దాచుకున్నానంటుంది.

గిసొక్ అమ్మ అంటే మల్సూన్. అరవై తొమ్మిదేళ్ల మనిషి. మా లోయలో ఆమె నేసినంత సన్నని గుడ్డ ఇంకెవరూ నేయలేరు.

“గుడ్లేం కాదులే అక్కా. విత్తనం కడుతున్నాడు” అంది మల్సూన్.

“చలికాలంలోనా?”

“లైట్ల కింద. కప్పు నిండా దీపాలు వేలాడదీశాడు. లోపల ఎండాకాలమే. మన ఊరి విత్తనం పలచబడిపోయిందట. గట్టి విత్తనం తీసి వచ్చే ఏడు అందరికీ పంచుతాడట.”

“అబ్బో! కాలికి మట్టంటనివాడు మనకు విత్తనం పంచుతాడా? ఇంకా నయం, నాకు పెళ్లికొడుకుని కూడా చూస్తానన్నాడు కాదు!”

అందరూ నవ్వారు. మల్సూన్ కూడా నవ్వింది. ఆ నవ్వులో కాస్త గర్వం ఉంది. కొడుకు ఇన్నాళ్లకు ఆమె పనిలో చేయి పెట్టాడు. వసంతంలో తల్లి గింజల సంచిలోంచి గిన్నెడు విత్తనం అడిగి తీసుకున్నాడు. పాడుబడ్డ పట్టుపురుగుల గదిని బాగుచేసుకున్నాడు. వారానికి రెండు రోజులు పట్నం పోతాడు. ఆ రోజుల్లో మొక్కలకు నీళ్లు పోసేది తల్లే. సాయంత్రం ఆరు దాటాక తలుపు తియ్యొద్దమ్మా, చీకటి చెదిరితే మొక్క పాడవుతుంది అన్నాడు. ఆమె తీయలేదు. ఈ నెలలో గదిలోంచి ఒక బరువైన వాసన రావడం మొదలైంది. పొలంలో మొక్క వాసన ఆమెకు పుట్టినప్పటి నుంచి తెలుసు. ఇది అది కాదు. మగ్గిపోయిన పండూ తారూ కలిపినట్టుంది. దీపాల వేడికేమోలే అనుకుని ఊరుకుంది.

మనం ప్రేమించేవాళ్ల విషయంలో ముక్కు చెప్పింది కూడా నమ్మం.

“పోయిన నెలలో మొగ్గ తొడిగినప్పుడు కూడా నేనే చూశాను” అంది మల్సూన్, నార దొర్లిస్తూ. “మగ మొక్క కనబడితే ఒక్కటి కూడా ఉంచకు, పీకెయ్యమ్మా, నీ కన్నయితే తప్పదు అన్నాడు. ఏడు దొరికాయి. పీకి పొయ్యిలో పెట్టాను.”

కుమ్నే పంటి మధ్య నార అలాగే ఆగిపోయింది.

“ఏడూ పీకేశావా?”

“ఏడూ.”

“మగది ఒక్కటీ లేకుండా విత్తనం ఎట్లా కడుతుందే?”

అయిదు జతల చేతులూ ఆగిపోయాయి. 

చదివేవారికి ఇంత చిన్న సంగతి ఆమెకెలా తట్టలేదని అనిపించవచ్చు. తట్టకపోవడానికి కారణం ఆమె పనితనమే. వెనకటి రోజుల్లో మా ఆడవాళ్లు సన్నగుడ్డ కోసం పొలంలో ముందుగా మగ మొక్కలనే ఏరి పీకేవారు. మగదాని నార మెత్తన. అత్త కోడలికి నేర్పే మొదటి పని అదే. పెళ్లయి వచ్చిన ఏడాదే మల్సూన్ అది నేర్చుకుంది. ఆ రోజు గదిలో మగ మొక్క కనబడగానే ఆమె చేయి దానంతటదే పోయి పీకేసింది. ఎందుకని మనసు అడిగేలోపే పని అయిపోయింది. ఈ పొరపాటు మీరు చేయరు, నేను చేయను. యాభై ఏళ్లు నార తీసిన చేయి మాత్రమే చేయగలదు. గిసొక్‌కు అది బాగా తెలుసు.

మల్సూన్ లేచింది. ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి కుమ్నే చెప్పు తొడుక్కుని ఇంటికి నడిచింది.

మిట్టమధ్యాహ్నం. గది తలుపు తీసింది. రోజూ చూసే మొక్కలే. ఆ రోజు మొదటిసారి చూసినట్టు చూసింది. నారమొక్క వెదురులా నిటారుగా, ఆమెకు రెండింతలు పెరుగుతుంది. ఇవి నడుమెత్తు దాటలేదు. పొట్టిగా, గుబురుగా, ప్రతి కొమ్మ చివరా పిడికిలంత పువ్వుల ముద్ద. ముద్దల మీద తెల్లటి వెంట్రుకలు తుప్పు రంగుకు తిరుగుతున్నాయి. ఒక ముద్దను గోటితో చిదిమింది. లోపల గింజ లేదు. ఇంకోటి చిదిమింది. లేదు. పదో పన్నెండో చిదిమి చూసింది. ఎక్కడా ఒక్క గింజ కట్టలేదు. వేళ్లకు బంక అంటుకుంది. లంగాకు తుడుచుకుంది, పోలేదు.

“అమ్మా! ఏం చేస్తున్నావ్? పాడు చేస్తున్నావ్!”

గిసొక్ గుమ్మంలో ఉన్నాడు. ముప్ఫై ఎనిమిదేళ్లవాడు. చిన్నప్పటి నుంచీ మాటకారి.

“గింజ ఏదిరా?”

“ఇప్పుడే కట్టదమ్మా, ఇంకా...”

“నాకు చెబుతున్నావా? నాకా?”

వాడు నవ్వబోయాడు. తల్లి మొహం చూసి మానుకున్నాడు. తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించాడు.

“ఎందుకంత బెదిరిపోతావ్? మన తాతముత్తాతల మొక్కే కదా. నార తీస్తే మర్యాద, పువ్వు కోస్తే నేరమా? ఇంకో రెండు వారాలు. కోసేస్తాను, గది కడిగేస్తాను. ఏమీ జరగనట్టే.”

“నా గింజల నుంచి ఇలాంటివి ఎలా మొలిచాయిరా?”

“నీ గింజలు ఎప్పుడో కోళ్లకు వేశానమ్మా. అవి నారకే పనికొస్తాయి. ఇవి వేరే. బయటి నుంచి తెప్పించాను.”

“మరి నన్నెందుకు అడిగావు?”

గిసొక్ వంగి, రాలిన ముద్దలు ఏరడం మొదలుపెట్టాడు. మల్సూన్ అక్కడే నిలబడింది. చేతులు రెండూ బంకతో అతుక్కుపోతున్నాయి.

“ఇది ఎవరు కొంటారు?”

“పట్నంలో కుర్రాళ్లు. వాళ్లకు నా సరుకంటే బాగా నమ్మకం.” చెప్పకుండా ఉండాల్సింది. మాట మీద మోజు వాణ్ని నోరు మూసుకోనివ్వలేదు. ఫోన్ తీసి తల్లి ముందు పెట్టాడు. “ఇదిగో చూడు. నీ వల్లే.”

ఫోన్‌లో కొనేవాళ్లకు పెట్టిన ఒక ఫొటో ఉంది. మోకాలు, ఆ మోకాలి మీద నార పేనుతున్న రెండు చేతులు. ఎడమ బొటనవేలికి పాత గాటు. మల్సూన్ చేతులే. కింద రాసిన మాటలు కొడుకే చదివి వినిపించాడు: “యాభై ఏళ్ల చేయి పెంచిన పువ్వు. అమ్మ చేతి పంట.”

 ఆమె గడపను పట్టుకుని కూర్చుండిపోయింది. ఆ చేతులతో మొగుడికి కడపటి బట్ట నేసింది. ఊళ్లో ఎంతమందికి నేసిందో లెక్కలేదు. ఆ చేతులను చూపించి కొడుకు ఎవరెవరి పిల్లలకో మత్తు అమ్ముకుంటున్నాడు.

“ఎవరైనా వచ్చి అడిగితే విత్తనానికని చెప్పు” అన్నాడు గిసొక్, మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు. “పర్మిట్ నీ పేరనే ఉంది. ఈ వయసులో నిన్నేం చేస్తారు? మందలించి వదిలేస్తారు. నాకైతే ఏళ్లు పడతాయమ్మా. అందుకే కదా ఇక్కడికొచ్చి పెట్టాను.”

రెండేళ్ల కిందట కొడుకు సామాను దించుకుంటే ఊరందరినీ పిలిచి పులుసన్నం పెట్టిన తల్లి ఈ మాట విన్నది.

ఆ సాయంత్రం పొద్దు వాలకముందే కుమ్నే, తక్కిన ముగ్గురూ వాకిట్లోకి వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. మల్సూన్ మొహమే చెప్పింది. కుమ్నే ఆమె పక్కన కూర్చుని చెవిలో అంది:

“పద, అయిదుగురం ఉన్నాం. పీకేద్దాం, పెరట్లో కాల్చేద్దాం. పొద్దు పోయేలోపు అయిపోతుంది. మాలో ఎవరమూ నోరు విప్పం. వాడూ మన ఊరి పిల్లాడే కదే.”

“పదకొండు ఇళ్ల పర్మిట్లున్నాయి” అంది ఇంకొకామె. “ఒక్క ఇంట్లో దొరికితే అందరివీ పోతాయి. నోరు మూసుకోవడమే మంచిది.”

ఇదే ఆమెకు ఎదురైన అసలు గండం. కొడుకు చెప్పినదానికంటే ఇది తీయగా వినిపించింది. కాల్చేస్తే కొడుకు దక్కుతాడు. ఊరి నార దక్కుతుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. మల్సూన్ లేవబోయింది కూడా. అంతలో ఫోన్‌లో చూసిన తన చేతులు గుర్తొచ్చాయి. ఇప్పుడు కాలుస్తారు. గింజలు బయట నుంచి మళ్లీ వస్తాయి. ఇంకో గది, ఇంకో దీపం. కొన్న కుర్రాళ్లు కొంటూనే ఉంటారు. ఊళ్లో అయిదుగురు ఆడవాళ్లకు తెలిసి, అయిదుగురూ నోరు మూసుకున్నారని ఒక్క గిసొక్‌కు తెలిస్తే చాలు, వాడికిక భయం ఉండదు.

“ఆఫీసరు లేకుండా మనం ఎప్పుడైనా కాల్చామా అక్కా?” అంది.

కుమ్నే తల దించుకుంది. మా దగ్గర కోతయ్యాక ఆకు, కొస అన్నీ పొలంలోనే కాల్చాలి. జిల్లా ఆఫీసు మనిషి ఎదురుగా నిలబడి చూడాలి. ఒక ఏడు వానలో ఆయన రావడం ఆలస్యమైతే ఊరంతా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తడిసిన ఆకు పక్కన కాపలా కూర్చున్నాం.

మర్నాడు పొద్దున మల్సూన్ ఆఫీసుకు ఫోన్ చేసింది. “ప్యో బాబూ, ఒకసారి మా ఇంటికి రా” అంది. అంతకుమించి ఏమీ చెప్పకుండా పెట్టేసింది.

ప్యో పద్దెనిమిదేళ్లుగా మా మొక్కలు లెక్కపెట్టే ఆఫీసరు. ఏదో ఆకు కాల్చడానికి పిలిచారనుకుని ఒక్కడే వచ్చాడు. గది తలుపు తీసి చూసి, రెండడుగులు వెనక్కి వేశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

గిసొక్ వెంటనే అందుకున్నాడు. “మా అమ్మవండీ. విత్తనం కట్టించాలని ముచ్చటపడింది. చట్టం తెలియదు కదా, పెద్దది. నేను చెబుతూనే ఉన్నాను, వింటేనా?”

ప్యో మల్సూన్ వైపు తిరిగాడు. “పెద్దమ్మా, మీవేనా?”

వాకిట్లో కుమ్నే, మిగతావాళ్లు గుమ్మం దాకా జరిగారు. అవును అన్న ఒక్క మాట. ఆ ఒక్క మాటకు కొడుకు బయటపడతాడు. గిసొక్ తల్లినే చూస్తున్నాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలినప్పుడు చూసిన చూపే.

“నీళ్లు పోసింది నేను” అంది మల్సూన్. “మగ మొక్కలు పీకింది నేను. ఆ మేరకు నా పేరు రాసుకో బాబూ. పెంచింది, అమ్మింది నా కొడుకు. వాడి ఫోన్ చూడు. నా చేతులు కూడా అందులోనే ఉన్నాయి.”

“అమ్మా!” అన్నాడు గిసొక్. తల్లి ఇలా చేయగలదని వాడు కలలో కూడా అనుకోలేదు. నిజానికి అక్కడున్న ఎవరూ అనుకోలేదు. కుమ్నే చొక్కా చేతిని నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగిపోయింది.

పోలీసులు వచ్చి గిసొక్‌ను తీసుకెళ్లారు. మొక్కలన్నీ లెక్కపెట్టి కాల్చారు. మల్సూన్ పర్మిట్ రద్దయింది. తక్కిన పదింటి మీద విచారణ జరిగింది. ఆమే ముందుగా పిలిచిందని ప్యో రాసిచ్చిన కాగితంతో అవి నిలిచాయి. ఆమె నెలనెలా బస్సెక్కి జైల్లో కొడుకును చూసి వస్తుంది. మొదటి రెండుసార్లు వాడు బయటికి రాలేదు. మూడోసారి వచ్చి, తల దించుకుని కూర్చున్నాడు.

జనవరిలో నార పండించేవాళ్లందరికీ జిల్లాలో శిక్షణ జరుగుతుంది. ఆ ఏడు ప్యో మల్సూన్‌ను ముందుకు పిలిచి నాలుగు మాటలు చెప్పమన్నాడు. వందమంది ఎదుట ఆమె ఎన్నడూ నిలబడలేదు. మైకు పట్టుకోవడం రాక దాన్ని నారకట్టలా చంకలో పెట్టుకుంది. ఎవరో నవ్వారు. కుమ్నే వెనక నుంచి, “నోటి దగ్గర పెట్టుకోవే!” అని అరిచింది.

మల్సూన్ మైకు సరిగ్గా పట్టుకుంది.

“నాకు పర్మిట్ లేదు. కాబట్టి నేను మీకు మొక్కల గురించి చెప్పకూడదు. పిల్లల గురించి చెబుతాను. నా కొడుకు గది నా వాకిట్లోనే ఉంది. తలుపుకు తాళం కూడా లేదు. వాసన వచ్చింది, దీపం వేడనుకున్నాను. తిండి తగ్గింది, పని ఎక్కువనుకున్నాను. మా కుమ్నే అక్క అడిగితే నవ్వేశాను. వాడు చెడ్డవాడని చెప్పడానికి రాలేదు నేను. వాడు చెడిపోతుంటే నీళ్లు పోసింది నేనే అని చెప్పడానికి వచ్చాను. మీ పిల్లల మీద ప్రేమ ఉంటే తలుపు తీయండి. సిగ్గుపడకండి, వాళ్లు కోప్పడినా మానకండి. ఏం పెంచుతున్నావురా, ఎవరి కోసంరా అని మొహం మీద అడగండి. నేను అడగలేదు.”